పైనుంచి దిగిన బుట్ట

నా ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందో, బస్బూసా మిఠాయి పళ్ళేలు ఎప్పుడొస్తాయోనని ఇప్పటికే గడియారం చూసుకుంటున్న సభాధ్యక్షులు, మన పూర్వ సంచాలకులు డాక్టర్ తల్‌అత్ గారికీ, రేపటినుంచి నా గదినీ, ఆ గదిలో ఎంత లాగినా మూతపడని కిటికీనీ ఏలుకోబోతున్న డాక్టర్ షాహీనాజ్‌కీ, ఎండలో దుమ్ములో ఈ నగరం సందులన్నీ తిరిగి, తలుపులు తట్టి, తిట్లు తిని, టీలు తాగి, జవాబులు మోసుకొచ్చిన మా సర్వే పిల్లలకీ, ఎప్పుడు పిలిస్తే అప్పుడు బండి తీయాలన్నట్టు తలుపు పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్న మా డ్రైవరు ఉస్తా మహ్రూస్‌కీ, పెద్దలకూ మిత్రులకూ అందరికీ రావియా సలాములు.

ఇంతసేపూ మీరు నా గురించి చెప్పిన మంచి మాటలన్నీ కదలకుండా కూర్చుని విన్నాను. మా అమ్మే గనక బతికుండి ఈ హాల్లో ఉంటే, పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి, "వీళ్ళు వేరే రావియా గురించేమో, ఓసారి కనుక్కో" అనేది. (నవ్వులు) ఇంత పెద్ద గోడగడియారం బహూకరించారు. రేపటినుంచి వేళకి వెళ్ళాల్సిన చోటంటూ లేనిదానికి గడియారం ఇవ్వడంలో మీ ఉద్దేశం నాకు బోధపడలేదు గానీ, ప్రేమ మాత్రం అర్థమైంది. సంతోషం.

ఉత్తుత్తి కబుర్లతో ఈ సాయంత్రం గడిపేద్దామనే అనుకున్నాను. పొద్దున షాహీనాజ్ నా దగ్గరికి వచ్చింది. అప్పగింతలన్నీ అయిపోయాయి, తాళాలు, అలమరలు, పాత లెక్కలు. చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని నిలబడి, "మేడమ్, మనం సర్వే చేసే వ్యాపార సంస్థల జాబితాలో ఒక్కదాని స్థితి గడి నింపకుండా వదిలేశారు. అది నింపితేగానీ కొత్త సర్వే మొదలవదు. వరసగా రెండు విడతలు కనబడని సంస్థని 'మూతపడింది' అని రాసేయాలి కదా, నేనే రాసేయనా?" అంది. పిల్ల తప్పేం లేదు, నిబంధన అదే. నేను మాత్రం ఆ గడి మీద చెయ్యి పెట్టి, "సాయంత్రం ప్రసంగం అయ్యాక చెబుతాను, ఆగు" అన్నాను. అప్పటినుంచీ ఆ పిల్ల నావంక అదోలా చూస్తోంది. అదుగో, ఇప్పుడు కూడా చూస్తోంది. అంచేత ఈ సభలో నేను తేల్చాల్సింది ఒకటే, ఆ గడిలో ఏం రాయాలన్నది. మీరందరూ సాక్షులు.

ఆ సంస్థ షుబ్రా పేటలో హలావానీ సందులో బడిపిల్లల గౌన్లు కుట్టే దుకాణం. యజమానురాలు సిత్ బహీగా. మొదటి విడత సర్వేలో నేనే స్వయంగా వెళ్ళాను. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు, మెళ్ళో రిబ్బనుకి వేలాడే కత్తెర. దుకాణం బోర్డు మీద పోయిన మొగుడి పేరు, పక్కన 'అండ్ సన్స్'. యజమాని మీరే కదా, కొడుకులెవరమ్మా అని అడిగాను.

"కొడుకులా? నాకున్నవాళ్ళు ఇద్దరూ కూతుళ్ళే. బోర్డు రాసేవాడి దగ్గర తయారుగా ఉన్న అక్షరాలవే మరి. తీసేయమంటే మళ్ళీ డబ్బడిగాడు, ఉండనీరా నాయనా అన్నాను" అంది.

ఆ రోజుల్లో మన ప్రశ్నల్లో ఒక గొప్ప ప్రశ్న ఉండేది. 'ఇటీవలి కాలంలో మీ సంస్థ ఏదైనా నవకల్పన చేసిందా?' అని. తల్‌అత్ గారే రాశారు. (ఆయనవైపు తిరిగి) అవునా కాదా చెప్పండి సార్. ఔనంటున్నారు. టీవీలో వార్తలు చదివేవాళ్ళు తప్ప ఇంకెవరూ పలకని ఆ మాట నేను బహీగా మొహం మీద పలికాను. ఆవిడ కుట్టుమిషను తొక్కడం ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "అలాంటివేమీ లేవమ్మా ఇక్కడ. మాది మర్యాదస్తుల దుకాణం" అంది. (నవ్వులు)

లేదు అని రాసుకున్నాను. ఎదురు దుకాణం జకీ ఏదో ఎంబ్రాయిడరీ యంత్రం తెప్పించి, దానికి చుట్టిన ప్లాస్టిక్ కాగితమైనా విప్పకుండా మూల పెట్టుకున్నాడు. అదే ప్రశ్నకి ఛాతీ విరుచుకుని "చేశాం, నవకల్పన చేశాం" అన్నాడు. ఔను అని రాసుకున్నాను. ఇలాగే ఊరంతా తిరిగి వచ్చాక, మగవాళ్ళ సంస్థలు కొత్తదారులు తొక్కుతున్నట్టూ, ఆడవాళ్ళ సంస్థలు నిలబడ్డ చోటే నిలబడ్డట్టూ మన పట్టికల్లో తేలింది. ఆవిడ కుట్టే గౌన్లకి అంచు లోపల ఇంకో రెండు మడతలు దాచి కుట్టేదని, పిల్ల పొడుగు పెరిగినప్పుడల్లా తల్లి ఒక మడత విప్పుకుంటే మూడేళ్ళు అదే గౌను సరిపోయేదని, షుబ్రా తల్లులు ఆ మడతల కోసమే ఆవిడ దగ్గరికి వరస కట్టేవాళ్ళని మన ప్రశ్నకి తెలియలేదు. ఎందుకంటే ప్రశ్న ఆవిడకి తెలిసిన భాషలో లేదు.

రెండో విడతకి మన పిల్లలు వెళ్ళేసరికి దుకాణం షట్టర్ దించి ఉంది, తాళం తుప్పు పట్టి ఉంది. మళ్ళీ వెళ్ళారు, అలాగే ఉంది. 'మూతపడింది' అని రాసుకొచ్చారు. ఆ ఏడాది ఆడవాళ్ళవి అలాంటివి ఎన్నో వచ్చాయి. తల్‌అత్ గారు పాపం మంచి మనసుతోనే, "చూశావా రావియా, ఆడవాళ్ళు పెట్టిన సంస్థలకి ఆయుష్షు తక్కువ" అంటూ పెద్ద వ్యాసం రాయడం మొదలుపెట్టారు. నేను, మళ్ళీ ఒక్కసారి చూసొద్దామా సార్ అంటే, "షట్టర్ దించి ఉంటే పోయినట్టే. రాసి పారెయ్. చిక్కుడు గింజల ఫూల్ చల్లారిపోతోంది, రా తిందాం" అన్నారు. (నవ్వులు. తల్‌అత్ గారు: "ఆ రోజు ఫూల్ బాగుంది కూడానూ!") బాగుందండీ, నేను కాదనలేదు.

నేను మళ్ళీ హలావానీ సందుకి వెళ్ళింది పరిశోధన కోసం కాదు. బహీగా నాకోసం ఒక జాకెట్టు కత్తిరించి పెట్టింది, అది పోయిందే అన్న దిగులుతో వెళ్ళాను. షట్టర్ ముందు నిలబడి, ఆ తుప్పు తాళం వంక చూస్తూ, ఇంత గొంతున్న మనిషి ఇలా చప్పుడు లేకుండా ఎలా పోయిందా అనుకుంటున్నాను. సందు చివర మహ్రూస్ హారన్ కొడుతున్నాడు. అప్పుడు ఆకాశంలోంచి కేక వినబడింది.

"ఓయ్ డాక్టరమ్మా! ఆ తాళం వంక అలా చూస్తే కరిగిపోతుందా ఏమన్నా?"

అటూ ఇటూ చూశాను.

"అటు కాదే తల్లీ! చదువుకున్నవాళ్ళు ఒక్కళ్ళూ తలెత్తి చూడరు కదా! పైకి, పైకి!"

పై అంతస్తు బాల్కనీలో బహీగా. తాడు వదులుతోంది, తాడు చివర బుట్ట, బుట్టలో తాళంచెవి. మనందరి ఇళ్ళల్లోనూ కూరగాయలకీ రొట్టెలకీ దించే బుట్టే. "మెట్లగది తాళం తీసుకుని పైకి రా. నెమ్మది, మూడో మెట్టు విరిగింది. మీ డ్రైవర్ని కూడా రమ్మను, హారన్ కొట్టి కొట్టి పాపం గొంతు ఎండిపోయుంటుంది" అంది.

పైకి వెళ్ళి నేను చూసింది ఆ తరవాత ఎన్ని సభల్లో చెప్పానో! ఇవాళ ఆఖరుసారి, ఓపిక పట్టండి. మరుదులు వచ్చి దుకాణం గది తమ అన్నగారిది కాబట్టి తమదేనన్నారట. ఆవిడ, "గది తీసుకోండి, కత్తెర నా మెళ్ళోదేగా" అందట. మిషన్లు పైకి చేర్చి, ఆ మేడనే కార్ఖానా చేసింది. మేడ మధ్యలో వెలుతురు కోసం వదిలిన బావిలాంటి సందు ఉంటుంది చూడండి, అన్ని వంటిళ్ళ కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి, అన్ని వంటల వాసనలూ అందులోనే కలుస్తాయి, అందులో తాడూ బుట్టా కట్టింది. పై వంటింట్లో బహీగా గుడ్డ కత్తిరిస్తుంది, బుట్ట దిగుతుంది. కింది అంతస్తులో ఉమ్ గిర్గిస్ కుడుతుంది, బుట్ట దిగుతుంది. ఆ కింద ఒకమ్మాయి గుండీలు వేసి ఇస్త్రీ చేస్తుంది. ఆ పిల్లని మొగుడు పనికి పోనివ్వడు. బహీగా నాతో అన్నమాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "గడప దాటొద్దన్నాడు. దాటిందా? దాటలేదు. కిటికీలోంచి బుట్ట వచ్చి వెళితే ఆయన సొమ్మేం పోయింది?"

ఆ వెలుతురు సందులోకి వంగి ఆవిడ కేకేసేది: "ఉమ్ గిర్గిస్! చేతులు పంపిస్తున్నా, మెడలు పైకి పంపవే! పొద్దుట్నుంచీ మెడల్లేక చస్తున్నా!" కిందనుంచి ఉమ్ గిర్గిస్: "నీకు మెడ లేదని ఎప్పట్నుంచో చెబుతున్నా, ఇప్పటికి ఒప్పుకున్నావు!" ఆ మేడంతా నవ్వేది. కుట్టుమిషను సూదిలా బుట్ట పైకీ కిందికీ ఆడుతూనే ఉండేది.

నేను, "అమ్మా, ఇదంతా కొత్త పద్ధతే కదా, మరి ఏ కొత్తా చేయలేదని నాతో ఎందుకన్నావు?" అని అడిగాను.

"కొత్తేముందే ఇందులో? ఏదో తద్‌బీర్" అంది.

తద్‌బీర్. అత్తగారు కోడల్ని జీవితంలో ఒక్కసారి మెచ్చుకోవాల్సి వస్తే వాడే మాట. ఉన్నదాంట్లోంచే లేనిది పుట్టించి ఇల్లు నెట్టుకొచ్చే నేర్పుకి మన ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు. మా అమ్మ కూడా నిన్నటి అన్నం ఇవాళ వంకాయల్లో కూరి మహ్షీ చేసి ఆ మాటే అనేది. అది గొప్ప అని చెప్పుకోవచ్చని అమ్మకీ తెలియదు, బహీగాకీ తెలియదు.

ఆఫీసుకొచ్చి, ప్రశ్న మారుద్దాం, 'మీ పనిలో ఏం తద్‌బీర్ చేశారు' అని అడుగుదాం అన్నాను. తల్‌అత్ గారు, "ఆ మాటకి ఆర్థికశాస్త్రంలో నిర్వచనం లేదు" అన్నారు. "మీ ఇంట్లో ఉంటుంది సార్, అక్కయ్యని అడగండి" అన్నాను. మర్నాడు వచ్చి, కోటు తీయకుండానే నా బల్ల దగ్గర నిలబడి, "రాయి" అన్నారు. రాత్రి ఇంట్లో ఏం జరిగిందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. (నవ్వులు, చప్పట్లు) రాసిపెట్టిన వ్యాసాన్ని ఆపేశారు కూడా. పెద్దమనసు ఉంటేగానీ అది సాధ్యం కాదు. ఇది మాత్రం నవ్వులాటకి చెప్పడం లేదు సార్.

ఆ ప్రశ్నతో వెళితే జవాబులు వెల్లువలా వచ్చాయి. మగవాళ్ళు కొందరు తడబడి, "తద్‌బీరా? ఆగండి, ఇంట్లోవాళ్ళని పిలుస్తాను" అన్నారు. సర్వే పిల్లల చేతి పుస్తకంలో మొదటి పేజీలో ఒక నిబంధన పెట్టాం: 'షట్టర్ దించి ఉంటే తలెత్తి చూడండి. పేరు పెట్టి పిలవండి.' మెడ నొప్పులకి మందు ఖర్చులు ఎవరిస్తారని మీరందరూ నామీదికి వచ్చారు, నాకు గుర్తుంది. పోయాయనుకున్న సంస్థలు పై అంతస్తుల్లోంచి, మిద్దెలమీంచి, వంటిళ్ళలోంచి పలికాయి. మన పట్టికల్లో ఆడవాళ్ళకి ఆయుష్షు పెరిగింది. వాళ్ళు ముందునుంచీ బతికే ఉన్నారు, మనమే కింద నిలబడి చూశాం.

ఇక మీకెవరికీ చెప్పనిది చెబుతాను. గురువారం సాయంత్రాలు నేను సమావేశాలకి దొరికేదాన్ని కాదు. డాక్టర్ దగ్గరికని కొందరు, పెళ్ళికొడుకు ఎవరో ఉన్నాడని కొందరు అనుకున్నారు. మహ్రూస్‌కి తెలుసు, నోరు విప్పలేదు. నేను షుబ్రా వెళ్ళేదాన్ని. కింద నిలబడి, "యా బహీగా" అని పిలిచేదాన్ని. బుట్ట దిగేది. పైన ఆ వంటింట్లో, నీలం పలకల గోడకి చేరబడి కూర్చుని గుండీలు కుట్టేదాన్ని. నేను కుట్టినవన్నీ ఆవిడ మళ్ళీ విప్పి కుట్టేదని తరవాత తెలిసింది. అమ్మ పోయాక నన్ను కోప్పడేవాళ్ళు ఈ లోకంలో లేకుండా పోయారు. బహీగా కోప్పడేది. "చిక్కిపోయావేం, ఆ అంకెలు తిని బతుకుతున్నావా?" అనేది. ఆవిడంటే నాకు ప్రాణం. ఈ మాట ఆవిడతో ఎన్నడూ అనలేదు, అనివుంటే "ముందు గుండీ తిన్నగా కుట్టవే" అనేదే.

తరవాత నేను ఏడాదికని పరాయిదేశం వెళ్ళాను. అక్కడి విశ్వవిద్యాలయంలో బహీగా బుట్ట గురించే పాఠాలు చెప్పాను. తిరిగొచ్చి గురువారం నాడు హలావానీ సందుకి వెళితే మేడ లేదు. గోడలు బీటలిచ్చాయని అందరినీ పంపించి, పడగొట్టేశారట. ఖాళీ జాగాలో పిల్లలు బంతి ఆడుతున్నారు. పక్క మేడ గోడకి, ఎక్కడో ఎత్తున, ఆవిడ వంటింటి నీలం పలకలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. నేను వీపు ఆనించి కూర్చునే పలకలవి. ఎండలో మెరుస్తున్నాయి.

ఫోన్ చేస్తే ఆ నంబరు వాడకంలో లేదని ఎవరో తీయటి గొంతుతో చెప్పింది. ఎక్కడికెళ్ళిందని అడిగితే, ఒకరు ఎడారిలో కట్టిన కొత్త ఊరు ఒబూర్ అన్నారు, ఒకరు అలాంటిదే బద్ర్ అన్నారు, ఒకరు మన్సూరాలో కూతురి దగ్గర అన్నారు. మేడ వాళ్ళు తలో దిక్కూ పోయారు. ఉమ్ గిర్గిస్ దొరికింది, నన్ను పట్టుకుని ఏడ్చింది గానీ తనకీ తెలియదు. సెలవు దొరికినప్పుడల్లా మహ్రూస్ నన్ను ఆ కొత్త ఊళ్ళన్నీ తిప్పాడు. తరవాతి విడతకి తమీమ్ వెళ్ళాడు. లేచి నిలబడు తమీమ్, సిగ్గు పడకు. ఇతను నిబంధన తు.చ. తప్పకుండా పాటించి, వ్యాఖ్యల దగ్గర ఇలా రాసుకొచ్చాడు: 'తలెత్తి చూశాను. పేరు పెట్టి పిలిచాను. ఆకాశం ఉంది.' మన పట్టికలన్నిటిలోకీ నేను చదివిన అతి నిజమైన వాక్యం అదే నాయనా, కూర్చో.

ఆపై విడతలోనూ జాడ లేదు. పొద్దున షాహీనాజ్ నాతో, "ఒక్క సంస్థ వల్ల సగటు మారదు మేడమ్" అంది. నిజం. సగటుకి ఆవిడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నాకు ఒకటి కాదు. ఏ దుకాణానికి షట్టర్ దించి ఉన్నా నా మెడ దానంతట అదే పైకి లేస్తుంది. ఏ బాల్కనీలో ఎవరు బట్టలారేస్తున్నా ఆవిడేమోనని ఆగుతాను. నిరుడు మెట్రో స్టేషన్లో ఎవరో వెనకనుంచి "ఓయ్ డాక్టరమ్మా" అని అరిస్తే, పిలిచింది నన్ను కాదని తెలిసీ అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

ఇవాళ నేను వేసుకున్న ఈ జాకెట్టు ఆ రోజు బుట్ట దిగిన నాడు ఆవిడ చేతికిచ్చిందే. "పక్కల్లో రెండు మడతలు దాచాను. పెద్ద కుర్చీలో కూర్చున్నాక లావెక్కుతావు, విప్పుకో" అంది. కుర్చీ వచ్చాక ఒక మడత విప్పాను. రెండోది అలాగే ఉంది. అంటే ఆవిడ పని ఇంకా నా ఒంటిమీద నడుస్తూనే ఉంది. నడుస్తున్న సంస్థని మూతపడిందని నేనెలా రాయను?

కాబట్టి షాహీనాజ్, ఆ గడిలో 'వెతుకుతున్నాం' అని రాయి. అలాంటి సంకేతం మన పద్ధతిలో లేదంటావు, కొత్తగా ఒకటి పెట్టు. ఏమిటని ఎవరైనా అడిగితే తద్‌బీర్ అని చెప్పు. (నవ్వులు) తల ఊపడం కాదు, నోటితో చెప్పు, ఇంతమంది వింటున్నారు. (షాహీనాజ్ లేచి: "మూయను మేడమ్. తెరిచే ఉంచుతాను.") చల్లగా ఉండు తల్లీ. వెతికే పని మీమీద వేయనులే. ఎల్లుండి గురువారం, నాకింక ఆఫీసు లేదు, కారూ లేదు. మెట్రో ఎక్కి, బస్సు మారి, ఆ కొత్త ఊళ్ళ పొడుగాటి మేడల కింద నిలబడి గొంతెత్తి పిలుస్తాను. ఎవరో పిచ్చిదనుకుంటారు, అనుకోనీ. పలకని చోటు పలకలేదని రాసుకుని పక్క వీధికి వెళతాను. నా ఉద్యోగం అంతా నేర్పింది అదే కదా! (వెనకనుంచి మహ్రూస్: "కారు లేకపోవడమేంటి డాక్టరమ్మా, నా సొంత బండి లేదూ? హారన్ కూడా బానే ఉంది!") విన్నారా? సరే మహ్రూస్, తొమ్మిదింటికల్లా రా. నాకిప్పుడు గోడగడియారం కూడా ఉంది, ఆలస్యమైతే ఊరుకోను.

తల్‌అత్ గారూ, మీరు ఇచ్చిన స్వేచ్ఛకీ, ఆపేసిన వ్యాసానికీ కృతజ్ఞతలు. మిత్రులారా, మీ ఓర్పుకీ, మీ మెడనొప్పులకీ కృతజ్ఞతలు. రేపెప్పుడైనా మా ఇంటి తలుపు వేసి కనబడితే నా పేరు పక్కన తొందరపడి ఏదీ రాయకండి, నేను ఏదో ఒక వీధిలో తలెత్తుకుని నిలబడి ఉంటాను. ఇక వేదిక దిగుతాను. పైకి చూస్తూ నడవడం అలవాటైపోయినదాన్ని, మెట్లు కనబడవు, ఎవరైనా వచ్చి ఒకసారి చెయ్యి పట్టుకోండి.

సెలవు.